తెలియక కొన్న దొంగసొత్తు

వాడిన సెల్‌ఫోనులను, మోటారు సైకిళ్ళను గ్రామస్థులు నేడు ఇంటర్నెట్ ప్రకటనలు చూచి కొనుచున్నారు. అట్లు కొన్నది దొంగసొత్తని తేలి పోలీసులు స్వాధీనపరచుకొన్నచో, కొన్నవాడు మొదట వచ్చునది పంచాయతీ సభ్యుని యొద్దకే. కావున ఈ విషయమున చట్టము చెప్పునదేమో మనవి చేయుచున్నాము.

1930 నాటి వస్తు విక్రయ చట్టము ప్రకారము, అమ్మినవానికి లేని హక్కు కొన్నవానికి రాదు. పూర్తి వెల చెల్లించినను దొంగిలిన వస్తువు అసలు యజమానిదే.

అయినను తెలియక కొన్నవాడు దొంగ కాడు. దొంగసొత్తని తెలిసియో, అట్లు నమ్ముటకు కారణముండియో, దుర్బుద్ధితో పుచ్చుకొన్నవానికే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను క్రింద 3 సంవత్సరముల వరకు ఖైదు విధింపవచ్చును. రసీదు లేని క్రొత్త ఫోనును సగము వెలకు కొని, ‘నాకు తెలియదు’ అన్నచో నమ్మువారు అరుదు. సంగతి తెలిసిన పిదప దాచుకొనుటయు నేరమే.

ఇచ్చిన వెలను అమ్మినవానినుండి రాబట్టుకొను హక్కు కొన్నవానికి కలదు. అమ్మినవానికి శిక్షపడి, అరెస్టునాడు అతనియొద్ద పైకము దొరికియున్నచో, వస్తువు యజమానికి చేరిన మీదట, ఆ పైకమునుండి తన సొమ్ము ఇప్పింపుమని కోర్టును కోరవచ్చును. అందుకై ప్రకటన, సందేశములు, చెల్లింపు వివరములు చెరిపివేయక భద్రపరచవలెను.

ఫోను కొనుటకు ముందే *#06# నొక్కి, కనబడు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్యను ప్రభుత్వపు ‘సంచార్ సాథీ’లో సరిచూచుకొనవలెనని సభ్యులు గ్రామస్థులకు తెలియజెప్పవలెనని కోరుచున్నాము.