మెయిన్‌ఫ్రేమ్ మీద అప్లికేషన్ సర్వర్

పెద్ద బ్యాంకులు, బీమా సంస్థలు ఎన్నో తమ అసలు లెక్కలను ఇప్పటికీ మెయిన్‌ఫ్రేమ్ మీదే ఉంచుకున్నాయి. 1964లో ఐబీఎం ప్రకటించిన సిస్టమ్/360 వంశానికి చెందిన నేటి యంత్రాల్లో జెడ్/ఓఎస్ ముఖ్యమైన ఆపరేటింగ్ సిస్టమ్. డీబీ2 డేటాబేస్, లావాదేవీలు నడిపే సీఐసీఎస్ అక్కడే ఉన్నప్పుడు, మొబైల్, వెబ్ నుంచి వచ్చే లావాదేవీలను చూసే జావా ప్రోగ్రాములనూ అక్కడే నడిపితే ప్రతి చిన్న ప్రశ్నకూ నెట్‌వర్క్ దాటాల్సిన పని తప్పుతుంది. వాటిని నడిపేదే అప్లికేషన్ సర్వర్. ఐబీఎం వెబ్‌స్ఫియర్ ఇందుకు బాగా తెలిసిన ఉదాహరణ.

సంప్రదాయ వెబ్‌స్ఫియర్ సర్వర్ జెడ్/ఓఎస్ మీద ఒకే ప్రాసెస్‌గా ఉండదు. కంట్రోలర్ అనే భాగం బయటి అభ్యర్థనలను అందుకుని వరుసలో పెడుతుంది. సర్వెంట్ అనే భాగాలు వాటిని తీసుకుని అప్లికేషన్ కోడ్‌ను నడుపుతాయి. రద్దీ పెరిగితే వర్క్‌లోడ్ మేనేజర్, నిర్దేశించిన గరిష్ఠ సంఖ్య దాటకుండా, మరికొన్ని సర్వెంట్లను లేపుతుంది. కోడ్‌లో లోపం వల్ల ఒక సర్వెంట్ కూలినా కంట్రోలర్ నిలబడే ఉంటుంది. ఈ విభజనే ఈ ఏర్పాటుకు అసలు బలం.

సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించడం ఇందులో తేలికైన పని. కష్టమంతా అంతకుముందే, పేర్ల దగ్గర మొదలవుతుంది. సర్వర్ పొట్టి పేరు ఏడు అక్షరాలు మించకూడదు. జాబ్ పేరుకు ఎనిమిదే హద్దు, సర్వెంట్ జాబ్ పేరు చివర ‘ఎస్’ చేరుతుంది మరి. కంట్రోలర్‌కూ సర్వెంట్‌కూ భద్రతా వ్యవస్థ అయిన ఆర్ఏసీఎఫ్‌లో వేర్వేరు యూజర్ ఐడీలు సృష్టించాలి. అప్లికేషన్ కోడ్ నడిచేది సర్వెంట్‌లో కాబట్టి దానికి అవసరమైన మేరకే అనుమతులివ్వాలి. పోర్టులు, సర్టిఫికెట్ల కీరింగులు, కాన్ఫిగరేషన్‌కు జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ కూడా ముందే తేల్చుకోవాలి. సిస్టమ్ ప్రోగ్రామర్ ఒక్కడే కూర్చుని ఇవన్నీ తేల్చలేడు. సెక్యూరిటీ, నెట్‌వర్క్, డేటాబేస్ బాధ్యులు ఒక్కచోట చేరాల్సిందే. కాన్ఫిగరేషన్ టూల్ చూపించే డిఫాల్ట్ పేర్లనే ఒప్పుకుని ముందుకు పోతే, అదే యంత్రం మీద రెండో సర్వర్ పెట్టే రోజున పేర్లూ పోర్టులూ ఢీకొంటాయి.

వివరాలన్నీ డెస్క్‌టాప్ మీది ప్రొఫైల్ మేనేజ్‌మెంట్ టూల్‌కు ఇస్తే, అది జేసీఎల్ భాషలో జాబులను తయారుచేస్తుంది. వాటిని మెయిన్‌ఫ్రేమ్‌కు పంపి, చెప్పిన వరుసలోనే సబ్మిట్ చేయాలి. ఒక్కో జాబు రిటర్న్ కోడ్ చూశాకే తర్వాతిదానికి వెళ్లాలి. ఆర్ఏసీఎఫ్ ఆదేశాలను సెక్యూరిటీ బాధ్యులు చదివి ఒప్పుకున్నాకే నడపాలి. తర్వాత తరచు తలనొప్పి తెచ్చేది అక్షర సంకేతాలు: జెడ్/ఓఎస్‌ది ఎబ్‌సిడిక్, జావా ప్రపంచానిది ఆస్కీ, యూనికోడ్. ఫైలును తప్పు సంకేతంలో సేవ్ చేస్తే సర్వర్ అసలు లేవకపోవచ్చు.

ఖర్చు మాట కూడా ఉంది. అర్హత ఉన్న జావా పనిని, 2006లో వచ్చిన జిప్ రకం ప్రాసెసర్లకు మళ్లించవచ్చు. వాటి సామర్థ్యాన్ని ఐబీఎం సాఫ్ట్‌వేర్ రుసుముల లెక్కలో సాధారణంగా కలపరు.

వెబ్‌స్ఫియర్‌లోనే తర్వాత వచ్చిన లిబర్టీ అనే రూపం ఈ ఏర్పాటు శ్రమను చాలా తగ్గించింది. ప్రధాన కాన్ఫిగరేషన్ ఒక్క సర్వర్ ఎక్స్‌ఎంఎల్ ఫైలులోనే ఉంటుంది, కంట్రోలర్-సర్వెంట్ విభజన ఉండదు. జెడ్/ఓఎస్ రక్షిత సేవలు కావాలంటే ఏంజెల్ అనే మరో ప్రాసెస్‌ను నడపాలి. కొత్తగా మొదలుపెట్టే సంస్థలకు లిబర్టీయే తగిన దారి. పేర్లు, పోర్టులు, అనుమతుల పట్టికను మాత్రం అక్కడా ముందే రాసిపెట్టుకోవాలి.