పాసుపుస్తకంలో తప్పు పడితే దిద్దేదెవరు?

తాత దున్నిన రెండెకరాలూ అక్కడే ఉన్నాయి, గట్లు కూడా కదల్లేదు. కొత్త పాసుపుస్తకంలో మాత్రం ఎకరన్నరే పడింది. ఇరవై గుంటలు ఏమయ్యాయని అడిగితే ‘మా చేతుల్లో ఏమీ లేదు’ అన్నదే మండలాఫీసు సమాధానం. భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చాక తెలంగాణ పల్లెల్లో బాగా వినిపించిన ఫిర్యాదు ఇది. గత అయిదారేళ్లలో రెండు తెలుగు రాష్ట్రాలూ భూమి చట్టాలను తెచ్చి, మళ్లీ తామే రద్దు చేశాయి. ఆ గొడవంతా తిరిగింది ఒక్క ప్రశ్న చుట్టూ: రికార్డులో తప్పు పడితే రైతు ఎవరి గడప ఎక్కాలి?

ధరణి నుంచి భూ భారతికి

2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం వీఆర్వో వ్యవస్థను రద్దు చేసి, 1971 నాటి చట్టం స్థానంలో కొత్త పాసుపుస్తకాల చట్టం తెచ్చింది. అదే ఏడాది అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. వ్యవసాయ భూమికి తహసీల్దారు ఆఫీసులోనే రిజిస్ట్రేషన్, అప్పటికప్పుడే మ్యుటేషన్. నెలల తరబడి చెప్పులరిగేలా తిరిగినవాళ్లకు అది పెద్ద ఊరటే.

చిక్కల్లా తప్పు దొర్లినప్పుడే వచ్చింది. రెవెన్యూ కోర్టులు పోయాయి, అప్పీలు దారి మూసుకుపోయింది. గుంటల తేడా వచ్చినా సివిల్ కోర్టుకే వెళ్లమన్నారు. వివాదాలున్న భూముల్ని ‘పార్ట్-బి’లో పెట్టడంతో వాటి యజమానులకు పాసుపుస్తకమే అందలేదు.

ప్రభుత్వం మారాక 2024 డిసెంబరులో శాసనసభ భూ భారతి బిల్లును ఆమోదించింది. 2025 ఏప్రిల్ 14న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పోర్టల్‌ను ప్రారంభించారు. ముందుగా మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి మండలాల్లో అమలు చేసి చూశారు. ఇప్పుడు తహసీల్దారు నిర్ణయం నచ్చకపోతే ఆర్డీవో దగ్గరికి, అక్కడా న్యాయం జరగలేదనుకుంటే కలెక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు. ఆ పైన భూమి ట్రైబ్యునళ్లకూ చట్టం చోటిచ్చింది.

ఏపీలో రెండో సంతకం

ఆంధ్రప్రదేశ్‌లో కథ ఇంకా వేడిగా నడిచింది. 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి వచ్చిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం ప్రకారం టైటిల్ రిజిస్టర్‌లో ఒకసారి పేరెక్కి, రెండేళ్లలోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఇక అదే తుది హక్కు. వివాదాలను సివిల్ కోర్టుల పరిధి నుంచి తప్పించి అధికారుల చేతికి అప్పగించారు. దీనిపై లాయర్లు కోర్టులు బహిష్కరించి రోడ్డెక్కారు. పాసుపుస్తకాల మీద అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఫొటో ఎందుకన్న నిలదీత కూడా తోడై, 2024 ఎన్నికల్లో భూమే ప్రచారాంశమైంది. గెలిచి ముఖ్యమంత్రిగా బాధ్యతలు చేపట్టిన చంద్రబాబు నాయుడు జూన్ 13న రెండో సంతకం ఈ చట్టం రద్దు ఫైలు మీదే పెట్టారు. జులైలో శాసనసభ రద్దు బిల్లును ఆమోదించింది.

ఆ నెల 21న రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో భూముల ఫైళ్లు కాలిపోయాయి. దాంతో నిషేధిత జాబితా ‘22ఏ’ మళ్లీ చర్చకొచ్చింది. ఈ జాబితాలో సర్వే నంబరు చేరితే చాలు, సొంత పొలమైనా అమ్ముకోలేరు.

బిల్డర్లకూ కొత్త లెక్కలు

పట్నంలో స్థలం కొనేవాళ్లకూ, కట్టేవాళ్లకూ పరీక్షలు పెరిగాయి. 2017 మే నుంచి పూర్తిగా అమల్లో ఉన్న రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టును రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు. కొనుగోలుదారులు కట్టిన డబ్బులో 70 శాతాన్ని ఆ ప్రాజెక్టు కోసమే విడి ఖాతాలో ఉంచాలి. ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అంటూ తక్కువ రేటు ఆశ చూపేవాళ్లు తప్పించుకోజూసేది ఈ నిబంధననే.

హైదరాబాద్‌లో 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే సంస్థ ‘హైడ్రా’ వచ్చాక చెరువు హద్దు ప్రశ్న కూడా ముందుకొచ్చింది. ఆగస్టు 24న తమ్మిడికుంట చెరువు దగ్గర ఎన్ కన్వెన్షన్ హాలు కూల్చివేతతో ఎఫ్‌టీఎల్ (నిండు చెరువు నీటి హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కూడని మేర) అనే మాటలు ఇంటింటి మాటలయ్యాయి. బ్యాంకు లోను దొరికిందనో, రిజిస్ట్రేషన్ అయిందనో ధైర్యపడినవాళ్లంతా చెరువు మ్యాపు తీసి చూసుకున్నారు.

తెల్లకాగితాల లెక్క తేలేనా?

ఇక తెలంగాణలో మిగిలింది సాదాబైనామాలు. పెద్దమనుషుల ముందు తెల్లకాగితం రాసుకుని కొన్న పొలాలివి. 2020లో వీటి క్రమబద్ధీకరణకు తొమ్మిది లక్షలకు పైగా దరఖాస్తులొచ్చాయి. ఆ ప్రక్రియపై హైకోర్టు ఇచ్చిన స్టే 2025 ఆగస్టులో తొలగింది. విచారణ బాధ్యత ఆర్డీవోలది. అయితే రాసిచ్చిన మనిషి చాలాచోట్ల ఇప్పుడు లేడు. అప్పుడు వేలల్లో పలికిన ఎకరం ఇప్పుడు లక్షల్లో ఉంది. కాగితం చెల్లదంటూ వారసులు అడ్డం తిరిగితే ఆ పొలం ఎవరిదో తేల్చాల్సింది ఆర్డీవోనే. ఆ తీర్పు నచ్చనివాళ్లకు ఈసారి కలెక్టర్ ఆఫీసు తలుపు తెరిచే ఉంటుంది.