మంచి ఉత్తరం చెత్తబుట్టలో పడితే

సొంత మెయిల్ సర్వర్ నడుపుకొనే చిన్న సంస్థలలో తరచు వినవచ్చే ఫిర్యాదు ఒకటి ఉన్నది: లాటరీ ఉత్తరాలు లోనికి వస్తున్నవి, రావలసిన టెండరు కాగితం మాత్రం స్పామ్‌లో పడినది. నిర్వాహకుడు వెంటనే చేసే పని హద్దును మార్చడం. స్పామ్‌అసాసిన్‌లో ఆ హద్దు మొదట 5 మార్కులు. దానిని పెంచితే చెత్త పెరుగుతుంది, తగ్గిస్తే అసలు ఉత్తరాలు పోతాయి. తూకం తప్పిన త్రాసుకు రాళ్లు మార్చడం వంటిదే ఇది.

ముందు చూడవలసినది ఆ ఉత్తరపు హెడర్‌లో ఎక్స్-స్పామ్-స్టేటస్ అనే పంక్తి. ఏయే నియమాలు తగిలినవో అందులో పేర్లతో సహా ఉంటుంది. 2010 జనవరి 1న ఈ పంక్తిని చూసినవారికే అసలు సంగతి తెలిసినది. తేదీ చాలా దూరపు భవిష్యత్తుది అయితే మార్కులు వేసే నియమమొకటి 2010ని కూడా అట్లాగే ఎంచి, కొన్ని అమరికలలో 3కు పైగా మార్కులు వేసినది. సవరణ అదే రోజు వెలువడినది గాని, ఎస్ఏ-అప్‌డేట్ నడపని సర్వర్లకు అది చేరే దారి లేదు. నియమాలు దించుకున్న పిదప స్పామ్‌డీని మళ్లీ ప్రారంభించాలి. లేకుంటే అది పాత నియమాలతోనే నడుస్తుంది.

పంక్తిలో యూఆర్ఐబీఎల్_బ్లాక్డ్ అని కనిపిస్తే తప్పు ఫిల్టర్‌ది కాదు, డీఎన్ఎస్‌ది. నిరోధక జాబితాలవారు గూగుల్ వంటి బహిరంగ డీఎన్ఎస్‌ల ద్వారా వచ్చే ప్రశ్నలకు జవాబివ్వరు. ఎందరో అడిగే ప్రశ్నలన్నీ ఒకే చిరునామా నుండి వచ్చినట్లు వారి లెక్కకు చేరడమే కారణం. సర్వర్‌లోనే అన్‌బౌండ్ వంటి రిజాల్వర్ పెట్టుకొని, ప్రశ్నలను మరొకరికి పంపకుండా నేరుగా అడిగేటట్లు చేస్తే సరిపోతుంది.

అన్నిటికంటె ఎక్కువ కాలం వృథా అయ్యేది బేయెస్ శిక్షణ వద్ద. కనీసం 200 చెత్త ఉత్తరాలు, 200 మంచి ఉత్తరాలు నేర్పితే గాని మామూలు అమరికలో అది నోరు విప్పదు. నేర్పినా ఫలితం లేదంటే, నేర్పినది ఎవరికి అని అడగాలి. రూట్‌గా ఎస్ఏ-లెర్న్ నడిపితే ఆ పాఠం సాధారణంగా రూట్ ఖాతాలోనే చేరుతుంది. ఫిల్టర్ అమావిస్ పేరిట నడుస్తుంటే దానికి ఒక్క ముక్కా అందదు. ఫిల్టర్ ఏ పేరిట నడుస్తున్నదో ఆ పేరిటనే ఎస్ఏ-లెర్న్‌ను డంప్ మ్యాజిక్ అనే ఐచ్ఛికంతో నడిపితే రెండు లెక్కలూ తెలుస్తాయి. అక్కడ సున్నాలుంటే కథ తేలినట్లే.

మన సరిహద్దు ఊళ్లలో ఉత్తరాలు తెలుగులోనే గాక కన్నడం, తమిళం, ఒడియా, ఇంగ్లీషులలో కూడా వస్తాయి. చెత్త మాత్రం చాలావరకు ఇంగ్లీషుదే. మంచి ఉత్తరాలుగా తెలుగువి మాత్రమే నేర్పితే, ఇంగ్లీషులో వచ్చిన బ్యాంకు ఉత్తరానికి న్యాయం జరగదు. బేయెస్ గట్టిగా చెత్త అన్నదంటే ఆ ఒక్క నియమమే సుమారు 3.5 మార్కులు వేస్తుంది.

స్పామ్‌అసాసిన్ తానుగా దేనినీ తొలగించదు, ముద్ర మాత్రమే వేస్తుంది. తొలగించేది దాని వెనుకనున్న మరొక ప్రోగ్రాము. కారణం తేలేవరకు ముద్రపడిన ఉత్తరాలన్నిటినీ వేరొక ఫోల్డరులో నిలిపి ఉంచండి. సవరించిన పిదప, మొదట చిక్కుకున్న ఆ ఉత్తరాన్నే మళ్లీ ఫిల్టర్ గుండా పంపి, ఏ నియమం మాయమైనదో సరిచూడండి.