పనామా దేశపు చెట్టుకప్ప

కప్ప యన్నంతనే మనకు చెఱువును, వరిమడియును జ్ఞప్తికి వచ్చును. కాని కప్పలలో నేలకు దిగుటయే అరుదైన జాతులు కూడ కలవు. వేసవిలో చల్లదనమునకై నీళ్లగది గోడ నంటుకొని, వ్రేళ్ల చివరనున్న గుండ్రని బిళ్లల సాయమున పైకి ఎగబ్రాకు చెట్టుకప్పను మీరు చూచియే యుందురు. వానకాలమున అది నీటిమీదికి వంగిన కొమ్మకో, తొట్టిగోడకో నురుగుగూడు కట్టి అందులో గ్రుడ్లు పెట్టును. పిల్లలు ఆ నురుగునుండి జాఱి క్రింది నీటిలో పడును. నేడు నేను చెప్పదలచినది దీనికి దూరపు చుట్టమైన మఱియొక చెట్టుకప్పను గుఱించి. దానిని విద్వాంసులు మొదట పట్టినది 2005లో. వారెఱిగిన కడపటి కప్ప చనిపోయినది 2016లో.

ఉత్తర అమెరికాను, దక్షిణ అమెరికాను కలుపు సన్నని నేలయే పనామా. రెండు మహాసముద్రములను కలుపుచు 1914లో అచ్చట తెఱవబడిన ఓడల కాలువ వలన ఆ పేరు మీకు పరిచితమే. కాలువకు పడమటి దిక్కున, చల్లారిన అగ్నిపర్వతపు గుంటలో ఎల్ వాయే అను ఊరు కలదు. దాని చుట్టునున్న కొండలు మబ్బులలో మునిగియుండును. కొమ్మలనిండ నాచు వ్రేలాడుచుండును. సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల ఎత్తుననున్న ఆ యడవిలో, చెట్ల తలలయందు ఈ కప్ప నివసించెడిది. 2008లో దీనికి రాబ్ గారి చెట్టుకప్ప యని పేరిడిరి. జార్జి రాబ్, మేరీ రాబ్ అను దంపతులు జంతురక్షణకై పాటుపడినవారు.

ఇది గోధుమవన్నెది, పెద్దది నాలుగంగుళముల పొడవుండును. చేతులు, కాళ్లు శరీరమునకు మించినంత పెద్దవి. వ్రేళ్లనడుమ బాతుపాదమునకువలె పలుచని చర్మముండును. ఎత్తైన కొమ్మనుండి దుమికి, ఆ చర్మమును గొడుగువలె విప్పి, గాలిలో ఏటవాలుగా తేలుచు దిగెడిది.

దాని సంసారము మఱింత వింతయైనది. ముసలిచెట్ల తొఱ్ఱలలో వాననీరు నిలుచునుగదా. ఆ నీటి యంచునకు కొంచెము పైగా ఆడుకప్ప గ్రుడ్లు అంటించి తన దారిని పోవును. కావలి మగకప్పది. పిల్లలు పొదిగి తోకకప్పలై నీట పడినపిమ్మట వానికి అచ్చట తిండి యేమున్నది? గుక్కెడు నీరు, నాలుగు కుళ్లిన ఆకులు. అప్పుడు తండ్రి నీటిలో శరీరము ముంచి కూర్చుండును. పిల్లలు వాని వీపు చర్మమును పొరలు పొరలుగా గీఱుకొని తినును. తన చర్మముతో బిడ్డలను సాకు తండ్రి కప్పలలో మఱియొకచోట ఉన్నట్లు నేను వినలేదు. తొఱ్ఱపడిన చెట్టు కలపకు పనికిరాదని మన మందుము. ఈ కప్పకు తొఱ్ఱ లేని చెట్టే పనికిరానిది.

అడవిని నఱకుటవలన ఇది నశించెనని మీ రనుకొనవచ్చును. కొండవాలులలో ఇండ్లు పెరిగిన మాట నిజమే. కాని దానిని చంపినది గొడ్డలి కాదు, బూజు. కప్పలయందు గుర్తించిన కైట్రిడ్ అను ఈ సూక్ష్మమైన బూజునకు శాస్త్రజ్ఞులు 1999లో పేరు పెట్టిరి. కప్ప నోటితో నీరు త్రాగదు, చర్మముతోనే పీల్చుకొనును. శరీరములోని ఉప్పుల పాళ్లను సరిగా నిలుపునదియు ఆ చర్మమే. బూజు చర్మమును పట్టినచో ఆ ఉప్పులు తఱిగి, తుదకు గుండె ఆగిపోవును. ఈ తెగులు ఆసియా తూర్పు భాగమున పుట్టి, మనుష్యులు జీవముతోనున్న కప్పలను దేశదేశములకు ఎగుమతి చేయుటచే వ్యాపించెనని 2018లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పుచున్నది. దీనివలన 500 జాతులకు పైగా కప్పలు, వాని బంధువర్గము క్షీణించినవనియు, 90 జాతులు అంతరించినట్లున్నవనియు 2019లో లెక్కగట్టిరి.

మధ్య అమెరికాలో ఈ తెగులు పడమటనుండి తూర్పునకు కొండకొండకును దాటుచు వచ్చెను. 2004లో ఎల్ కోపే చేరెను. తరువాతిది ఎల్ వాయే యని ముందే గ్రహించిన అమెరికా విద్వాంసులు 2005లో అచ్చటి కప్పలను పట్టి అట్లాంటా నగరమునకు తీసికొనిపోయిరి. మన కప్ప విద్వాంసుల కంటబడినది ఆ సందర్భముననే. 2006లో తెగులు రానే వచ్చెను. కప్పలశాల కట్టుట యింకను పూర్తికానందున పట్టిన కప్పలను ఆ యూరి యొక హోటలు గదులలో ఉంచి సాకిరి. అతిథులకు బదులు కప్పలు దిగిన హోటలు అది యొక్కటే కాబోలు! అడవిలో రాబ్ గారి కప్ప పిలుపు కడసారి వినబడినది 2007లో.

అట్లాంటాలో గ్రుడ్లు పెట్టినవి గాని సంతానము నిలువలేదు. తొఱ్ఱను, నీటిని, మబ్బును గాజుపెట్టెలో కల్పించుట తేలిక గాదు. ఆడుకప్పలు గతించినవి, రెండు మగకప్పలు మిగిలినవి. అందొకటి 2012లో పోయినది. రెండవదానికి పెంపకందారుని చిన్నకుమారుడు టఫీ, అనగా మొండివాడు, అని పేరు పెట్టెను. అది యేండ్ల తరబడి మౌనముగా నుండి, 2014 డిసెంబరులో ఒకనాడు పిలుచుట మొదలిడెను. ఆ ధ్వనిని యంత్రముపై ముద్రించిరి. జత కొఱకు పిలిచిన పిలుపది. బదులు పలుక గలది లోకమున నున్నట్లు ఎవరు నెఱుగరు. 2016 సెప్టెంబరు 26న టఫీ చనిపోయెను.

ముందుగా పట్టి తెచ్చుట వ్యర్థమను వారున్నారు. నే నట్లనను. పనామాలో అట్లు కాపాడబడిన ఇతర జాతులు కొన్ని నేటికిని పిల్లలను పెట్టుచున్నవి. వానిని అడవిలో విడుచుటకే చిక్కు: అచ్చటి వాగులలో బూజు పోలేదు. ఐనను 2018లో వెలువడిన ఒక పరిశోధన ప్రకారము, ఎల్ వాయే మొదలగు చోట్ల కొన్ని జాతుల కప్పలు మెల్లగా తిరిగి కనబడుచున్నవి. బూజు బలము తఱుగలేదట. కప్పల చర్మమునుండి స్రవించు రసమే దానిని మునుపటికన్న గట్టిగా అడ్డుచున్నదట. రాబ్ గారి కప్ప వానిలో లేదు.

మన పడమటి కనుమల కప్పలపై కూడ ఈ బూజు జాడ కనబడినది. కాని పనామాలోవలె అవి గుంపులుగా చచ్చినట్లు తెలియరాలేదు. ఆసియా కప్పలు చిరకాలముగా దానికి అలవాటుపడి యుండునని కొందఱి యూహ. మన దేశమునుండి కప్పకాళ్ల ఎగుమతి 1987లో నిషేధింపబడినది. కాని ఒక చెఱువు కప్పలను, చేపపిల్లలను, తడియారని వలలను ఇంకొక చెఱువునకు చేర్చుటలో తెగుళ్లును వెంట పోగలవు. అడవులలో కప్పలను వెదకు పరిశోధకులు ఒక వాగునుండి మఱియొక వాగునకు పోవునపుడు చెప్పులను, వలలను మందునీటితో కడిగి ఆరబెట్టుట అందులకే.