కారు ముందు చక్రముల చప్పుళ్ళు: నిదానము, చికిత్స

1816వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమందు లెనెక్ అను వైద్యుడు కాగితమును గొట్టముగా చుట్టి, రోగి రొమ్ముపై నుంచి, రెండవ కొసను తన చెవికి చేర్చి గుండె చప్పుడు వినెను. స్టెతస్కోపు పుట్టుక అది. మన ఊళ్ళలోని మోటారు మేస్త్రీలలో లెనెక్ పేరు విన్నవారు అరుదు. అయినను పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవిలో పెట్టుకొని, లోపలి సంగతి చెప్పగలవారు వారిలో పెక్కుమంది యున్నారు. వినుట నేర్చినవానికి యంత్రము తన బాధను తానే చెప్పుకొనును. రేడియో ఉన్న ఇండ్లలో చెవికి పని ఎక్కువ. గాయకుని శ్రుతి రవ్వంత తగ్గిన పసిగట్టు శ్రోతలకు తమ కారు ముందుభాగమున పుట్టు టకటక లెక్కడివో తెలిసికొనుట కష్టము కానేరదు.

గుంటూరు, ప్రకాశం ప్రాంతములలో కారు నడుపువారికి ఈ విషయము మరింత అవసరము. పత్తికి, మిరపకు బంగారమువంటి మన నల్లరేగడి నేల, రోడ్డుకు మాత్రము చెడ్డ పునాది. దానిలో మాంట్‌మోరిల్లొనైటు అను బంకమన్ను ఖనిజము అధికముగా నుండును. అది వానకు నీరు పీల్చి ఉబ్బును. ఎండకు ముడుచుకొని, చేయి దూరునంత బీటలు వారును. దానిపై పరచిన తారు రోడ్డు ప్రతి సంవత్సరము ఈ ఉబ్బును, ఈ కుంగును భరింపవలయును. నాలుగైదు ఏండ్లకు రోడ్డు అలలు తేలును. కల్వర్టులకు లోతైన గట్టి పునాది యుండును గనుక అవి కదలవు. వానికి ఇరువైపుల పోసిన మట్టి మాత్రము దిగిపోవును. ప్రతి కల్వర్టు మొదట, చివర కారు ముందు చక్రములకు ఒక దెబ్బ తగులుట ఇందుచేతనే. విజయవాడనుండి ఒంగోలు పోవు పెద్ద రహదారిపై, అనగా పూర్వము 5వ నంబరుగా నుండి తరువాత 16వ నంబరైన జాతీయ రహదారిపై, ఈ బాధ తక్కువ. చిలకలూరిపేట వద్దనో, మార్టూరు వద్దనో, మేదరమెట్ల వద్దనో ప్రక్కకు తిరిగినంతనే పరీక్ష ఆరంభమగును.

దెబ్బలకు తోడు దుమ్ము. వేసవిలో రేగడి దుమ్ము ముఖమునకు పూసికొను పౌడరంత మెత్తగా నుండును. ముందు చక్రములను పట్టియుంచు కీళ్ళకు రబ్బరు తొడుగులుండును. ఆ తొడుగు చినిగెనేని దుమ్ము లోని గ్రీజుతో కలిసి సానపట్టు ముద్దగా మారును. అటుపై కారు నడచిన ప్రతి మైలును ఆ కీలును అరగదీయుచునే యుండును. వర్షకాలమున చక్రముల చుట్టు అంటిన బంకమట్టి ఎండి రాయివలె గట్టిపడి, ఆ తొడుగులనే గీరును. కావున పొలమునుండి వచ్చిన కారుకు పైభాగమున నిగనిగలాడునట్లు తుడుచుటకంటె, మడ్‌గార్డు లోపల గొట్టముతో నీళ్ళు కొట్టుట ఎక్కువ మేలు చేయును. ఈ మాట డ్రైవర్లకు ఎన్నిసార్లు చెప్పినను రుచింపదు. లోపలి భాగము ఎవరికిని కనపడదు గదా!

1957లో వచ్చి 2014 వరకు తయారైన అంబాసిడరు కారులో ముందు చక్రములకు స్ప్రింగు చుట్టలకు బదులు పురితిరుగు ఉక్కు కడ్డీలుండెడివి. కీళ్ళకు గ్రీజు నిపుళ్ళుండెడివి. కాలము తప్పక గ్రీజు గన్నుతో కొట్టించిన వారి బండ్లు ఏండ్ల తరబడి చప్పుడు లేక తిరిగినవి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది మొదలు మన వీథులలో మరియొక పద్ధతి వ్యాపించినది. స్ప్రింగు, షాకబ్జరు రెండును కలిసి ఒకే నిలువు స్తంభముగా నుండును. మాక్‌ఫర్సన్ అను ఇంజనీరు పేర దానిని మాక్‌ఫర్సన్ స్ట్రట్టు అందురు. నేటి చిన్న కార్లన్నియు దాదాపు ఈ తీరువే. వీనిలో కీళ్ళను గ్రీజుతో నింపి కర్మాగారముననే మూసివేయుదురు. నిపులు లేదు, కొట్టించుటకు గ్రీజు లేదు. తొడుగు చినిగినదా లేదా యని చూచుట యొక్కటియే యజమాని చేయదగిన పని. దానినైనను చేయువారు తక్కువ.

ఇక చప్పుళ్ళ సంగతి. పర్చూరు వైపు రైతు ఒకరు మిరప అమ్ముటకు గుంటూరు యార్డుకు పోవలసియున్నదనుకొందము. టిక్కీలు లారీలో ముందుగా పోయినవి. మచ్చు చూపుటకు ఒకటి రెండింటిని కారులో వేసికొని తాను బయలుదేరినాడు. ఒక్కొక్క టిక్కీ 40 కిలోలకు పైమాటే. దారిలో నెమ్మదిగా పోవునపుడు ఎడమవైపున టకటక, టకటక. మొదటి మేస్త్రీ షాకబ్జర్లు పోయినవనెను. రెండును మార్చిరి, వేలు ఖర్చయినవి, చప్పుడు పోలేదు. రెండవ మేస్త్రీ స్టీరింగు ర్యాకు పోయినదని, మరింత పెద్ద లెక్క చెప్పెను. ఇట్టి కథ మన జిల్లాలలో ప్రతి షెడ్డు ముందును జరుగుచునే యుండును. వారిద్దరును మోసగాండ్రని అనరాదు. చప్పుడు ఎప్పుడు, ఏ రోడ్డుపై, ఎంత వేగమున వచ్చుచున్నదో వా రడుగలేదు, ఇతడు చెప్పలేదు. లోపమంతయు అక్కడనే యున్నది.

అతడు గమనింపవలసినది ఇది. ముందు చక్రములు రెంటిని కలుపుచు అడ్డముగా ఒక ఉక్కు కడ్డీ యుండును. మలుపులలో కారు ఒకవైపునకు ఒరుగకుండ ఆపుట దాని పని. దాని కొసలకు లింకు రాడ్డులని చిన్న కడ్డీలు, నడుమ రబ్బరు బుష్షులు నుండును. ఒక చక్రము మాత్రమే గుంతలో దిగినపుడు ఈ అడ్డకడ్డీ మెలితిరుగును. అరిగిన లింకు రాడ్డు అప్పుడు టకటకలాడును. స్పీడు బ్రేకరుపై రెండు చక్రములును ఒక్కసారి సమముగా ఎక్కినపుడు కడ్డీకి మెలి లేదు, కాబట్టి చప్పుడును అంతగా నుండదు. ఒంటి చక్రపు గుంతలో చప్పుడు, సమముగా ఎక్కినపుడు నిశ్శబ్దము: ఈ భేదము కనిపించినచో మొదట అనుమానింపవలసినవి లింకు రాడ్డు, దాని బుష్షులు. ముందుభాగపు సామానులలో చవుకైనవి ఇవియే. తరచుగా పోవునవియు ఇవియే. రెండు విధములుగను ఎక్కునపుడు ఒకే తీరున బరువైన 'డబ్బు' మను చప్పుడు వచ్చినచో, షాకబ్జరును, స్తంభము పై కొననుండు రబ్బరు దిండును చూడవలయును. షాకబ్జరుపై నూనె కారి దుమ్ము అంటుకొనియున్నదా? బానెట్టు మూలను గట్టిగా నొక్కి విడిచినపుడు కారు ఒకసారి లేచి నిలువక ఊగుచున్నదా? అట్లయిన అనుమానము బలపడును.

లింకు రాడ్డును విప్పి పది గజములు నెమ్మదిగా నడిపి చూచుట మేస్త్రీలు ఎరిగిన ఉపాయమే. కాని కొన్ని చిన్న కార్లలో ఆ అడ్డకడ్డీయే క్రింది చేతిని ముందు వెనుకలకు కదలకుండ పట్టియుంచును. అట్టి బండ్లలో దానిని విప్పి నడుపరాదు.

ఇంతవరకు చెప్పినవి విసుగు పుట్టించు చప్పుళ్ళే కాని ప్రాణాంతకములు కావు. ప్రాణమునకు సంబంధించినవి రెండున్నవి: చక్రపు బరువును, దిశను పట్టియుంచు బాల్ జాయింటు, స్టీరింగు ఆజ్ఞను చక్రమునకు చేర్చు టై రాడ్ ఎండు. బాల్ జాయింటు అరిగి ఊడివచ్చినచో చక్రము బయటికి వాలి కారు అక్కడికక్కడే కూలబడును. టై రాడ్ ఎండు ఊడినచో చేతిలోని స్టీరింగు ఒకవైపు, చక్రము మరొకవైపు. లారీల వరుస నడుమ, సాగరు కాలువ గట్టుపై, అట్టిది జరిగిన ఏమగునో వేరుగ చెప్పనక్కరలేదు. ఈ కీళ్ళు సాధారణముగా ముందు హెచ్చరింపక ఊడవు. మొదట మలుపులో కిర్రుమనును, తరువాత గుంతలలో కొట్టుకొనును, స్టీరింగులో ఖాళీ తెలియును, టైరు ఒక అంచున అరుగును. మూడు నెలలు చెప్పి చెప్పి చివరకు విసిగి ఊడును.

పరీక్ష ఇంటివద్దనే చేయవచ్చును. చదునైన గట్టి నేలపై, వెనుక చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టి, ముందు చక్రమును జాకీతో లేపవలయును. రేగడి నేలపై జాకీ పెట్టిన అది దిగిపోవును. క్రింద మందపు చెక్క వేయుట తప్పనిసరి. ఒక్క జాకీని నమ్మి కారు క్రిందికి ఎన్నడును దూరరాదు. మొట్టమొదట చక్రపు నట్లు బిగువుగా నున్నవో లేవో చూడుడు. పెద్ద పెద్ద అనుమానములు ఒక్కొక్కసారి పానా ఒక చుట్టు త్రిప్పుటతో తీరిపోవును. పిదప చక్రమును పైన ఒక చేతితో, క్రింద ఒక చేతితో పట్టుకొని ఊపుడు. ఆ మీదట ఎడమ కుడి అంచులను పట్టుకొని ఊపుడు. పైకి క్రిందికి మాత్రమే కదలిక యున్న బాల్ జాయింటుపై అనుమానము. ప్రక్కలకు మాత్రమే యున్న టై రాడ్ ఎండు, లేదా ర్యాకు లోపలి కీలు. రెండు విధముల నున్న చక్రపు బేరింగు. నిశ్చయమునకు ఇంకొక ఉపాయము కలదు: ఇంటిలోనివారి నొకరిని బ్రేకు త్రొక్కి యుంచుమని, మరల ఊపుడు. కదలిక మాయమైనచో తప్పు బేరింగుది. మాయము కానిచో కీలుది. టై రాడ్ ఎండును చక్రములు నేలపై నుండగా చూచుట మరియు మంచిది. ఒకరు స్టీరింగును కొంచెము కొంచెముగా ఇటునటు త్రిప్పుచుండ, మరొకరు కీలుపై వ్రేలుంచిన, అరిగిన కీలు టిక్కుమనుట వ్రేలికే తెలియును. ఈ రెండు కీళ్ళలో దేనికి తప్పున్నను 'పంట అమ్మిన తరువాత చూతము' అనరాదు. కారును నడుపుట మాని, మేస్త్రీని ఇంటికే పిలువవలయును.

వేగముతో పాటు హెచ్చు 'హూ'మను మ్రోత బేరింగుది కావచ్చును, టైరుది కావచ్చును. రోడ్డు మారినపుడు, తారునుండి సిమెంటునకు పోయినపుడు, స్వరము మారినచో అది టైరు. కుడికి వంపు తిరుగునపుడు బరువు ఎడమ చక్రముపై పడును. అప్పుడు మ్రోత హెచ్చినచో ఎడమ బేరింగు. కారు నిలిపియుంచి స్టీరింగు త్రిప్పునపుడు 'ఠంగు' మని స్ప్రింగు ఎగిరినట్లు వినిపించిన, స్తంభపు పైకొన బేరింగు పట్టివేసినదన్నమాట. పూర్తిగా త్రిప్పి యాక్సిలరేటరు త్రొక్కునపుడు కటకటమనునది స్టీరింగుది కాదు, ముందు చక్రములకు శక్తినిచ్చు ఇరుసు కీలుది. దాని రబ్బరు తొడుగు చినిగి గ్రీజు చుట్టును చిమ్మియుండును. నూనెతో పనిచేయు పవర్ స్టీరింగు మూలుగుచున్న మొదట నూనె మట్టము చూడవలెను. విద్యుత్తుతో పనిచేయు దానికి నూనెయే యుండదు. దానిలో నూనె పోయించితినను మేస్త్రీని మరల పోయించనీయకుడు.

ఇవేవియు కాని చప్పుళ్ళును కలవు. డిక్కీలో వదులైన జాకీ, బిగువు తప్పిన బ్యాటరీ పట్టీ, టైరులో దిగిన ఎద్దు నాడా మేకు. ఈ చివరిది చక్రము తిరిగినప్పుడెల్ల ఒకసారి టిక్కుమని, వేగమును బట్టి త్వరపడును. ర్యాకు మార్చుటకు ముందు టైరును ఒకసారి తడిమి చూచిన నష్టము లేదు.

రబ్బరు బుష్షులు ఎండకు ఎండి కిర్రుమనుట మన వేసవిలో మామూలు. ఏ బుష్షో తెలియవలెనన్న సీసాతో నీళ్ళు తెచ్చి ఒక్కొక్కదానిపై చిలుకరించి, ప్రతిసారి కారును నొక్కి చూడుడు. దేనిపై చల్లినపుడు కిర్రు ఆగునో అదియే దోషి. అంతేకాని ఇంజను ఆయిలు పోయరాదు. అట్లు పోయుట మన ప్రాంతమున పాతుకొనిపోయిన అలవాటు. రెండు రోజులు చప్పుడు ఆగును, యజమాని సంతోషించును. ఇంతలో ఆ నూనెకు రబ్బరు ఉబ్బి మెత్తబడి విచ్చిపోవును. పూయవలసినచో రబ్బరుకు హాని చేయని సిలికాన్ గ్రీజు పూయవచ్చును. కాని ఎండి పగిలిన బుష్షును మార్చుటయే సరి.

మార్చునపుడు షెడ్డులో తరచుగా జరుగు పొరపాటొకటి చెప్పవలయును. చక్రములు గాలిలో వ్రేలాడుచుండగనే చేతుల బుష్షుల బోల్టులను గట్టిగా బిగించివేయుదురు. కారు నేలకు దిగి చేతులు పైకి వచ్చినంతనే కొత్త రబ్బరు మెలిపడి, ఆ మెలితోనే దినమంతయు తిరుగును. ఏండ్లు మన్నవలసిన బుష్షు నెలలలో చినుగును; సామాను నకిలీదని అంగడివానిపై తగవు. బోల్టులను మొదట వదులుగా నుంచి, కారును నేలపై దింపి, దాని బరువుపై అది నిలిచిన తరువాతనే చివరి బిగింపు బిగింపవలయును. గుంటూరు ఆటోనగరులోనైనను, విజయవాడ ఆటోనగరులోనైనను మంచి మేస్త్రీలకు ఇది తెలియును, తొందరలో మరతురు. "మేస్త్రీ గారూ, చివరి బిగింపు నేలపైన చేయండి" అని ప్రక్కన నిలిచి మర్యాదగా గుర్తుచేసిన వారు నొచ్చుకొనరు.

టై రాడ్ ఎండు మార్చినచో చక్రముల వరుస సరిచేయించుట, అనగా అలైన్‌మెంటు, తప్పదు. లేకున్న కొత్త టైరు ఒక పంటకాలములోనే అంచున నున్నబడును. కాస్టిల్ నట్టు ఉన్నచోట కొత్త స్ప్లిట్ పిన్ను వేసినారో లేదో చూచి, విప్పిన పాత కీలును అడిగి తీసికొనుడు. వ్రేళ్ళతో ఇటునటు ఆడించినచో అది ఎంత వదులైనదో, ఇన్నాళ్ళు దేనిపై ప్రయాణము చేసితిమో తెలియును.