మంచు కింద పది నిమిషాలు

వేసవి ఉష్ణోగ్రతల పట్టికలో తరచు పైవరుసన కనిపించే తిరుత్తణికీ, పూండి జలాశయానికి పొరుగైన తిరువళ్ళూరుకూ మంచుకొండల ప్రమాదాలతో పనేముంటుందని అనిపించడం సహజమే. అయితే 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసిన ఈ తిరుత్తణి ప్రాంతంలోనూ, దాని చుట్టుపక్కల తెలుగు మాట్లాడే ఊళ్ళలోనూ, నాలుగు రోజుల సెలవు దొరికితే చెన్నై వెళ్ళి విమానమెక్కి మర్నాటికల్లా గుల్మార్గ్‌లోనో మనాలీలోనో గాంగ్‌టాక్‌లోనో ఉండేవారు ఇవాళ అరుదు కాదు. సైన్యంలో చేరి హిమాలయ సరిహద్దులకు వెళ్ళినవారు అంతకుముందు నుంచీ ఉన్నారు. మంచు కురవని నేల మీద పెరిగినవారికి ఏ వాలు నమ్మదగినదో, ఏది కాదో చెప్పే ఇంటి అనుభవం ఉండదు గనుక ఆ లోటును చదువుతోనే పూడ్చుకోవలసి వస్తుంది.

దక్షిణాది ఇళ్ళకు మంచుచరియ ఎంతటి విపత్తో తెలియజెప్పినది 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ హిమానీనదం ఉత్తర భాగంలో జరిగిన దుర్ఘటన. సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ స్థావరంపై పెద్ద మంచుగోడ విరిగిపడినప్పుడు మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్‌కు చెందిన పదిమంది దాని కింద చిక్కుకున్నారు. వారిలో అప్పటి కర్నూలు జిల్లా పార్నపల్లెకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నారు. తిరువళ్ళూరుకు పొరుగున ఉన్న అప్పటి వేలూరు జిల్లాతో పాటు కృష్ణగిరి, తేని, మదురై జిల్లాల నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. ధార్వాడ జిల్లా బెటదూరుకు చెందిన లాన్స్ నాయక్ హనుమంతప్ప కొప్పద్‌ను ఆరు రోజుల తర్వాత, పాతిక అడుగులకు మించిన మంచు కింద నుంచి ప్రాణాలతో వెలికితీశారు. ఢిల్లీలోని సైనిక ఆసుపత్రిలో చికిత్స పొందుతూ ఆయన ఫిబ్రవరి 11న కన్నుమూశారు.

దేశమంతా ప్రార్థించిన ఆ ఆరు రోజుల కథ జనం మనసులో తెలియకుండానే ఒక తప్పు లెక్కను నిలిపింది. మంచు కింద మనిషి రోజుల తరబడి బతకగలడనీ, సహాయక బృందాలు, జాగిలాలు వచ్చేదాకా ఓపిక పడితే చాలనీ చాలామంది అనుకుంటారు. హనుమంతప్ప కూలిన గుడారంలో ఏర్పడిన గాలి ఖాళీలో ఉండడం వల్లనే అన్ని రోజులు నిలిచారని అప్పటి వార్తలు చెప్పాయి. వాలు మీద జారుతూ చరియకు చిక్కిన మనిషికి అటువంటి ఖాళీ సాధారణంగా దొరకదు. స్విట్జర్లాండ్‌లో నలభై ఏళ్ళ ప్రమాదాల రికార్డులను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, పూర్తిగా పూడుకుపోయినవారిని మొదటి పది నిమిషాలలో తీయగలిగితే పదింట తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట గడిచేసరికి ఆ సంఖ్య మూడోవంతుకు పడిపోతుంది. చలి చంపేదాకా ఆగనవసరం లేదు. వదిలిన ఊపిరే తిరిగి లోపలికి వెళ్ళి ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పెరుగుతుంది, ఊపిరి తడికి ముఖం ముందున్న మంచు గడ్డకట్టి గాలి చొరని పొరగా మారుతుంది, అంతే. చరియ ఆగగానే మంచు బిగుసుకుపోతుంది గనుక వేలు కదపడం కూడా సాధ్యం కాదు. ఏ హెలికాప్టరూ పది నిమిషాల్లో రాలేదు. అందువల్ల మంచుకొండల్లో రక్షకుడంటే పక్కనున్న సహచరుడే, వేరొకరు కాదు.

ఈ మాట మరీ వర్తించేది బ్యాక్‌కంట్రీ స్కీయింగ్ అనే క్రీడకు. లిఫ్టులు, గస్తీ సిబ్బంది, హద్దు తాళ్ళు ఉన్న మైదానాన్ని దాటి, స్కీల అడుగున వెనక్కి జారనివ్వని నూగు పట్టీలు అంటించుకుని కొండను సొంత కాళ్ళతో ఎక్కి, ఎవరూ తొక్కని మంచు మీదుగా దిగిరావడాన్ని అలా పిలుస్తారు. మన దేశంలో దానికి పేరుపడ్డ చోటు గుల్మార్గ్. అక్కడి గొండోలా అనే తీగమార్గం రెండో దశలో మనిషిని అఫర్వత్ శిఖరం చేరువలో సుమారు 13,000 అడుగుల ఎత్తుకు కొద్ది నిమిషాల్లో చేరుస్తుంది. గస్తీదళం పేలుడు పదార్థాలతో ముందే చరియలను దింపి సరిచేసే ప్రాంతం ఆ కొండలో కొంత భాగం మాత్రమే. దాని పక్కన తాడు దాటితే మిగిలినదంతా ఎవరి బాధ్యతా లేని కొండ. ఎక్కడానికి పడే శ్రమ లేకపోవడమే ఇక్కడి చిక్కు, ఎందుకంటే సొంతంగా ఎక్కేవారికి దారిలో మంచు తీరు ఎంతోకొంత తెలిసివస్తుంది, తీగమార్గంలో వెళ్ళినవారికి అదీ ఉండదు. 2023 ఫిబ్రవరి 1న అఫర్వత్ వద్ద ఇద్దరు పోలండ్ దేశస్థులు, 2024 ఫిబ్రవరి 22న ఖిలన్‌మార్గ్‌లో ఒక రష్యా దేశస్థుడు మంచుచరియలకు బలయ్యారు. ఆ ఖిలన్‌మార్గ్‌లోనే 2010 ఫిబ్రవరి 8న సైన్యపు హై ఆల్టిట్యూడ్ వార్‌ఫేర్ స్కూల్‌కు చెందిన 17 మంది మరణించారు. మంచులో యుద్ధం నేర్పే పాఠశాల వారికే అది తప్పలేదు.

చరియ ఎలా పుడుతుందో తెలిస్తే జాగ్రత్తలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. స్కీయర్లను ఎక్కువగా చంపేది పలక చరియ, అంటే గట్టిపడిన పైపొర ఒక్కసారిగా బద్దలై పలకగా జారడం. ఇందుకు మూడు ఉండాలి: ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడిన పైపొర, దాని కింద పట్టులేని బలహీన పొర, తగిన వాలు. ఆ వాలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్య ఉంటుంది. నిటారు గోడల్లాంటి కొండలే ప్రమాదమని ఊహించుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఇళ్ళలో మేడమెట్ల వాలు సాధారణంగా 30, 35 డిగ్రీలు. మరీ నిటారైన చోట మంచు నిలవకుండా ఎప్పటికప్పుడు రాలిపోతుంది. మనిషికి హాయిగా జారాలనిపించే వాలే చరియకూ అనుకూలమైన వాలు.

బలహీన పొర పుట్టుక మరింత విచిత్రమైనది. మంచు దుప్పటి అడుగున నేల దాదాపు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైభాగం రాత్రివేళ సున్నాకు 20 డిగ్రీలు కిందికి దిగవచ్చు. దుప్పటి రెండు మీటర్ల మందం ఉంటే ఈ తేడా మెల్లగా సర్దుకుంటుంది. అర మీటరే ఉంటే అంత తేడా ఆ కొద్ది మందంలోనే ఇమడాలి. అప్పుడు అడుగునుంచి నీటి ఆవిరి పైకి కదులుతూ గుండ్రని రేణువులను పెద్ద పెద్ద కోణాల పలుకులుగా మార్చేస్తుంది. ఈ పలుకులు పిడికిట్లో నొక్కినా ముద్ద కావు, వేళ్ళ సందుల్లోంచి రాలిపోతాయి. మీటరు మందానికి 10 డిగ్రీల కంటే ఎక్కువ తేడా ఉంటే ఈ మార్పు జరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. అందుచేత మంచు తక్కువగా పడిన చలికాలపు తొలి వారాలు, చలి ముదిరిన లడఖ్, కారకోరం వంటి ఎత్తులు ప్రత్యేకంగా ప్రమాదకరం. మంచు తక్కువుంటే భయం తక్కువని అనుకునే మైదానపు బుద్ధికి ఇది పూర్తిగా ఎదురు.

ఆ పలుకుల మీద కొత్త మంచు బరువు పడినప్పుడు ప్రమాదం సిద్ధమవుతుంది. ఒక్క రోజులో 30 సెంటీమీటర్ల కొత్త మంచు, లేదా గాలి ఒక వైపు నుంచి ఊడ్చి శిఖరం అవతలి వైపున పోగుచేసిన మంచు, లేదా హఠాత్తుగా పెరిగిన ఎండ, వర్షం ఇందుకు చాలు. మిగిలినదల్లా చిన్న కదలిక, దాన్ని ఇచ్చేది చాలాసార్లు బాధితుడే. విహారానికి వెళ్ళి మరణించినవారిలో అత్యధికుల విషయంలో చరియను కదిలించింది వారి బరువో, వారి బృందంలోని మరొకరి బరువో అని అనేక దేశాల రికార్డులు చూపుతున్నాయి. సినిమాల్లో చూపినట్లు కేక వేస్తే కొండ కూలదు. మనిషి గొంతు కలిగించే ఒత్తిడి అందుకు చాలదు. కొండ మాత్రం ముందుగా చెబుతుంది. అడుగు వేయగానే కాళ్ళ కింద ‘వుంఫ్’ మని దిగబడిన చప్పుడు వస్తే, స్కీల ముందు మంచులో పగులు పాకితే, పక్క వాలు మీద తాజాగా చరియ దిగిన గుర్తు కనిపిస్తే, వెనక్కి తిరగడానికి వేరే నిపుణుడి సలహా అక్కరలేదు.

కొండకు వెళ్ళకముందే తెలుసుకునే వీలు కూడా ఉంది. మంచుచరియల అధ్యయనానికి 1969లో మనాలీలో మొదలైన డీఆర్‌డీవో సంస్థ శాసే, 2020 నుంచి డీజీఆర్‌ఈ అనే పేరుతో పనిచేస్తూ జమ్మూకాశ్మీర్, లడఖ్, హిమాచల్, ఉత్తరాఖండ్‌లకు హెచ్చరికలు జారీ చేస్తోంది. ఐరోపా దేశాలు 1993లో ఒప్పుకున్న కొలమానం ప్రకారం ప్రమాదానికి అయిదు స్థాయిలు ఉంటాయి. అయిదులో మూడు అంటే సగమే గదా అని చదువరి సరిపెట్టుకుంటాడు గానీ, స్థాయి ఒకటి పెరిగితే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది, మరణాలు ఎక్కువగా నమోదయ్యేదీ ఆ మూడో స్థాయిలోనే. నాలుగు, అయిదు స్థాయిల్లో జనం ఇంట్లో ఉంటారు, మూడులో బయల్దేరతారు.

ఎందుకు బయల్దేరతారన్నది మంచు శాస్త్రం చెప్పలేని సంగతి. ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికా పరిశోధకుడు వందల ప్రమాదాలను పరిశీలించి, మంచు గురించి చదువుకున్నవారు కూడా కొన్ని మనోబలహీనతలకు లొంగిపోతున్నారని ఈ శతాబ్దపు తొలి ఏళ్ళలో చూపాడు. తెలిసిన వాలు గదా అనే ధీమా, అనుకున్నది అనుకున్నట్టు చేసితీరాలనే పట్టుదల, నలుగురి మెప్పు, ముందు నడిచేవాడికి అంతా తెలుసుననే నమ్మకం, ఇంకొకరు వెళ్ళకముందే మనం వెళ్ళాలనే ఆత్రం అందులో కొన్ని. టికెట్లు నెలల ముందు కొని, సెలవు ఒక్కరోజే మిగిలి, గైడుకు డబ్బు కట్టేసిన దక్షిణాది యాత్రికుడికి ఈ జాబితాను వేరే వివరించనవసరం లేదు. గురువుల మీద నమ్మకం తప్పు కాదు, కానీ అదొక్కటే చాలదు: 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా డాండా-2 శిఖరం మీద ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందంపై చరియ పడి 27 మృతదేహాలు దొరికాయి, ఇద్దరి జాడ తెలియలేదు.

ఇక పరికరాలు మూడు, మూడూ ప్రతి ఒక్కరి దగ్గరా ఉండాలి: 457 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యంపై సంకేతం పంపే, అందుకునే బీకన్, మడతపెట్టే ప్రోబ్ అనే పొడవాటి కడ్డీ, లోహపు పార. బయల్దేరేటప్పుడు అందరి బీకన్లూ సంకేతం పంపుతున్నాయో లేదో ఒక్కొక్కరిగా నడిపించి చూస్తారు. ప్రమాదకరమైన వాలును ఒకరి తర్వాత ఒకరు దాటుతారు, మిగిలినవారు భద్రమైన చోటి నుంచి కళ్ళప్పగించి చూస్తారు, ఎందుకంటే మనిషి చివరిసారి కనిపించిన చోటు తెలిస్తే వెతుకులాట చాలా తగ్గుతుంది. చరియ ఆగగానే అందరూ బీకన్లను వెతికే స్థితికి మార్చి, సెల్‌ఫోన్లను ఆపి, నలభై మీటర్ల ఎడంలో వాలును చాళ్ళుగా గాలిస్తారు. సంకేతం అందాక తెరపై దూరం చూపే అంకె తగ్గుతూ పోతుంది. దారి సూటిగా కాక వంపు తిరుగుతుంది, ఎందుకంటే అయస్కాంత రేఖలు అలాగే వంగి ఉంటాయి. మూడు మీటర్ల లోపుకు వచ్చాక మోకాళ్ళ మీద వంగి, బీకన్‌ను మంచుకు ఆనించినట్లుంచి, తిప్పకుండా మెల్లగా అడ్డంగా, నిలువుగా కదిపి అన్నిటికంటే చిన్న అంకె వచ్చిన చోటును గుర్తిస్తారు. అక్కడి నుంచి పాతిక సెంటీమీటర్ల ఎడంలో సుడి తిరుగుతూ ప్రోబ్‌ను వాలుకు లంబంగా గుచ్చుతారు. నేల తగిలితే కడ్డీ టక్కున ఆగుతుంది, మనిషి తగిలితే కొంచెం మెత్తగా ఆగుతుంది. అలా ఆగిన కడ్డీని తీయకుండా అలాగే వదిలేస్తారు. తవ్వడం మాత్రం పైనుంచి కాదు. లోతు ఎంతో అంతకు ఒకటిన్నర రెట్లు దిగువకు వెళ్ళి అక్కడి నుంచి అడ్డంగా తవ్వుకు రావాలి, మొదట ముఖం, ఊపిరి దారి, తర్వాతే మిగిలిన ఒళ్ళు. పది నిమిషాల్లో ఎక్కువ భాగం ఈ తవ్వకానికే ఖర్చవుతుందన్నది కొత్తవారికి తెలియని నిజం. పార లేని బీకన్ వల్ల శవం ఎక్కడుందో మాత్రమే తెలుస్తుంది. చరియ ఈడ్చుకెళ్ళి బండలకో చెట్లకో కొట్టిన దెబ్బలతో పోయేవారిని ఈ పరికరాలేవీ కాపాడలేవు గనుక, అవి ఉన్నాయన్న ధైర్యంతో వాలు ఎక్కడం కంటే తెలివితక్కువ పని లేదు.

స్కీలు కట్టనివారికీ ఇందులో వాటా ఉంది. 2023 ఏప్రిల్ 4న గాంగ్‌టాక్ నుంచి నాథులాకు వెళ్ళే దారిలో 15వ మైలు దగ్గర చరియ పడి ఏడుగురు పర్యాటకులు మరణించారు. ఆ రోజు అనుమతులు 13వ మైలు వరకే ఇచ్చారని అధికారులు చెప్పారు. నిలబడిన చోటు చదునుగా ఉన్నా, పైన నిటారైన వాలు ఉంటే ఆ చోటు కూడా చరియ దారిలోనిదే. ఇక అమెరికాలో సియాటెల్, డెన్వర్ వైపు స్థిరపడ్డ తెలుగువారికి వాయవ్య అవలాంచ్ కేంద్రం, కొలరాడో అవలాంచ్ సమాచార కేంద్రం చలికాలమంతా రోజూ ముందస్తు అంచనాలను ఉచితంగా ఇస్తాయి. వారాంతంలో కొండకు బయల్దేరే ముందు వాటిని చూడడానికి రెండు నిమిషాలు చాలు.

తిరుత్తణి నుంచో తిరువళ్ళూరు నుంచో ఈ చలికాలంలో మంచుకు బయల్దేరేవారు డబ్బు కట్టకముందే నిర్వాహకుణ్ణి రెండు ప్రశ్నలు అడగాలి: ఆ రోజు హెచ్చరిక స్థాయి ఎంత, బృందంలో ప్రతి ఒక్కరికీ బీకన్, ప్రోబ్, పార ఇచ్చి వాటితో సాధన చేయిస్తారా. రెంటికీ సూటిగా జవాబు రాకపోతే, ఆ ప్రయాణానికి గస్తీ ఉన్న హద్దు తాడు లోపలి వాలు చాలు.