వార్తల్లో పదం: పీటీఎస్‌డీ

ఘోర ప్రమాదం నుంచి బయటపడిన వ్యక్తిని, ఒంటి గాయాలు మానిన తరవాత కూడా ఆ ఘటన తాలూకు భయం వెంటాడి, దైనందిన జీవితాన్ని దెబ్బతీస్తే, ఆ రుగ్మతను పోస్ట్ ట్రమాటిక్ స్ట్రెస్ డిజార్డర్ (పీటీఎస్‌డీ) అంటారు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1980లో తన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో దీనికి తొలిసారి చోటు కల్పించింది. యుద్ధ సైనికుల విషయంలోనే ఎక్కువగా చర్చకు వచ్చినా, రోడ్డు ప్రమాదాలూ దీనికి ముఖ్య కారణాలే. భారత్‌లో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించగా, 4,43,366 మంది గాయపడ్డారు. మనసుకు తగిలిన దెబ్బ ఈ లెక్కల్లో కనిపించదు.

ఘటన పదేపదే కళ్లముందు కదలడం, పీడకలలు, అతి అప్రమత్తత, తనను తాను నిందించుకోవడం దీని ప్రధాన లక్షణాలు. లారీ హారన్ వినగానే బాధితుడికి గుండె దడ పుట్టి చెమటలు పట్టవచ్చు. ప్రమాదం జరిగిన మలుపును తప్పించుకోవడానికి అతడు చుట్టుదారిన వెళ్లవచ్చు. తొలి నెలలోపు కనిపించే ఇలాంటి తీవ్ర లక్షణాలను అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్‌గా పరిగణిస్తారు. అవి నెల దాటినా తగ్గకుండా, పనికీ అనుబంధాలకూ అడ్డుపడితేనే పీటీఎస్‌డీగా నిర్ధారిస్తారు.

భయపెట్టే జ్ఞాపకాలను నిపుణుల పర్యవేక్షణలో క్రమంగా ఎదుర్కొనేలా చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, కళ్ల కదలికల సాయంతో సాగే ఈఎండీఆర్ దీనికి ప్రధాన చికిత్సలు కాగా, అవసరాన్నిబట్టి మందులూ ఇస్తారు. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక రుగ్మతలకూ బీమా వర్తింపజేయాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశిస్తోంది. ‘బతికి బయటపడ్డావుగా, ఇంకెందుకు దిగులు’ అని బాధితుల నోరు మూయించకుండా, వారిని సకాలంలో వైద్యుల వద్దకు తీసుకెళ్లడం కుటుంబ సభ్యుల బాధ్యత. టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416 ద్వారా తెలుగులోనూ ఉచితంగా సలహా పొందవచ్చు.